ఇంట్లో చదివిస్తే కేసు పెట్టరు, అలాగని కాగితమూ ఇవ్వరు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో హోమ్ స్కూలింగ్ మీద కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి, పిల్లలు మొక్కలు నాటడం, అమ్మ లెక్కలు చెప్పడం అన్నీ బాగున్నాయి గానీ "మన దేశంలో ఇది పూర్తిగా చట్టబద్ధం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. ఆ మాట నమ్మి రేపు పొద్దున్నే బడికెళ్లి టీసీ తీసేసుకునేవాళ్లు ఉంటారు. మా చెల్లెలు శ్రీకాకుళంలో కొడుకుని ఇంట్లోనే చదివిస్తోంది కాబట్టి ఈ గొడవంతా నాకు దగ్గరగా తెలుసు. వాళ్ల వీధిలో ఒకావిడ "ఏటమ్మా, గుంటడ్ని బడి మానిపించీసినారట, కేసు పెడతారట గదా" అని భయపెడితే, ఇంకొకాయన "ఏం కాదు, అమెరికాలో అందరూ అంతే" అని ధైర్యం చెప్పాడట. మనం ఉండేది అమెరికాలో కాదు, కేసు మాటా నిజం కాదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి అది వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి జైలనీ జరిమానా అనీ మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. 'నిర్బంధ విద్య' అన్న మాట వినగానే మనల్ని నిర్బంధిస్తారేమో అనుకుంటాం గానీ 8వ సెక్షన్ చూస్తే ఆ నిర్బంధం ప్రభుత్వం మీద. పిల్లలు చేరేలా, రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి దాకా పూర్తి చేసేలా చూడాల్సింది వాళ్లు. అందుకే సచివాలయం ఎడ్యుకేషన్ అసిస్టెంటో, చుట్టుపక్కల బడుల సంగతి చూసే సీఆర్పీయో (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఇంటికొచ్చి అడుగుతారు. వాళ్ల మీద విసుక్కోవడం నాకు నచ్చదు. మన జిల్లాల నుంచి పనుల కోసం కుటుంబాలకి కుటుంబాలే వలస వెళతాయి, పలాస వైపు జీడిపప్పు పనీ, ఇటుక బట్టీలూ ఉన్నాయి. "మా పిల్ల ఇంట్లోనే చదువుతోందండీ" అన్న ప్రతివాళ్లనీ నమ్మేసి వెనక్కి వెళ్లిపోతే, నిజంగా పనికి పోతున్న పిల్లని ఎవరు పట్టుకుంటారు?

ఇంటి దగ్గర చదువు అని చట్టం నోరు తెరిచి చెప్పింది ఒక్క చోటే. 2012 సవరణలో, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు కావాలంటే ఇంటి వద్దే విద్య ఎంచుకోవచ్చని పెట్టారు. మన దగ్గర ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల టీచర్లు అలాంటి పిల్లల ఇళ్లకి వెళతారు. ఈ హక్కు ఉందని తెలియని తల్లులు నాకు చాలామంది తగిలారు, అది మీరు పెద్ద అక్షరాలతో వేయాల్సిన సంగతి. మిగతా పిల్లల విషయంలో చట్టం వద్దనీ శిక్ష వేయదు, సరే అనీ దారి చూపదు.

అసలు టెన్షన్ పోలీసులతో కాదు, రికార్డులతో. బడిలో పేరు లేకపోతే ఆన్‌లైన్‌లో పిల్లాడు డ్రాపౌటే. పిల్లల్ని చదివించే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు రావు, దానికి బడిలో చదువుతూ 75 శాతం హాజరు ఉండాలి కదా. వెన్నెలవలస నవోదయలోనో కిల్తంపాలెం నవోదయలోనో ఆరో తరగతి సీటు కోసం పరీక్ష రాయాలంటే ఆ జిల్లాలోనే గుర్తింపు ఉన్న బడిలో ఐదో తరగతి చదువుతూ ఉండాలి. ఇంట్లో ఎంత బాగా చదివినా ఆ దరఖాస్తు కాలమ్‌లో రాయడానికి ఏమీ ఉండదు.

తిరిగి బడికి పంపాలనుకుంటే ఎనిమిదో తరగతి దాకా భయం లేదు. వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్ ఉంది, వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదని ఇంకో సెక్షన్ ఉంది. ఆ తర్వాతే, రోజూ బడికి వెళ్లకుండా పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ మీద ఆధారపడాలి. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలో గానీ, కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో గానీ 14 ఏళ్లు నిండితే పదో తరగతి కట్టొచ్చు. ఎన్ఐఓఎస్‌కి ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, పదో తరగతి చదవగలిగినంత చదువుకున్నానని సొంత డిక్లరేషన్ ఇస్తే చాలు, తెలుగు మీడియం కూడా ఉంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) స్థానికత పోతుందని కొందరు బెదరగొడతారు. బడిలో చదవని ఏళ్లకి, అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్లు ఇక్కడే నివాసం ఉన్నట్టు చూపిస్తే స్థానికులే అని అడ్మిషన్ల నిబంధనల్లోనే ఉంది. తహసీల్దారు ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి పెట్టుకోవాలి, అంతే. మా చెల్లికి ఈ సంగతి చెప్పినవాళ్లే లేరు.

ఇక మీ కథనంలో మెచ్చుకున్న "పదిహేను మంది పిల్లలతో అపార్ట్‌మెంట్‌లో హోమ్ స్కూల్" సంగతి. అది హోమ్ స్కూల్ ఎలా అవుతుందండీ? మన పిల్లలకి మనం చెప్పుకోవడం వేరు, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఊళ్లో పిల్లల్ని పోగేసి ఫీజు వసూలు చేయడం వేరు. అది బడి కిందకే వస్తుంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపమన్నాక కూడా నడిపితే రోజుకి పది వేల దాకా అదనం. అక్కడ చేర్పించే తల్లిదండ్రులు ముందు గుర్తింపు కాగితం చూపించమని అడగాలి.

ఇంకొకటి కూడా జరుగుతోంది. ఏదో ఒక చిన్న ప్రైవేటు బడిలో పేరు రాయించి, ఏడాది ఫీజు కట్టి, పిల్లాడు ఇంట్లోనే ఉంటే రోజూ హాజరు వేయించుకోవడం. మా చెల్లికీ ఒక బడివాళ్లు ఈ సలహానే ఇచ్చారు, అదేదో ఉపకారం చేస్తున్నట్టు. దొంగ హాజరుతో తల్లికి వందనం డబ్బు కూడా తీసుకుంటే అది అచ్చంగా మోసం, చదువు పేరు పెట్టినంత మాత్రాన మారదు. అయితే నిజం చెప్పినవాళ్లకి డ్రాపౌట్ ముద్ర, అబద్ధం చెప్పినవాళ్లకి స్టడీ సర్టిఫికెట్ దొరుకుతుంటే జనం ఎటు పోతారో మీరే చెప్పండి.

నేను అడిగేది పెద్ద విషయమేం కాదు. మండలానికి ఇద్దరేసి ఎంఈవోలు (మండల విద్యాధికారులు) ఉన్నారు. ఇంట్లో చదివిస్తున్నామని తల్లిదండ్రులు రాసి ఇస్తే తీసుకుని ముద్ర వేసి ఇవ్వడానికి ఒక రిజిస్టర్ పెట్టమనండి. ఏడాదికి ఒకసారి పిల్లని చూసి, నాలుగు ముక్కలు చదివించి, రెండు లెక్కలు చేయించి, పనికి పంపడం లేదని రాసుకుంటే సర్వే చేసేవాళ్లకీ అనుమానం తీరుతుంది. ఈలోగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లా విద్యాధికారుల్ని (డీఈవోలని) అడిగి టీసీ తీసుకునే ముందు ఏమేం చూసుకోవాలో మీ జిల్లా పేజీలో తెలుగులో వేయండి. అడ్మిషన్లు మొదలయ్యే జూన్ లోపు వేస్తే మంచిది.

— ఒక పాఠకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా