పదమూడేళ్లు కుట్టినా పింఛనుకు ఆరేళ్లే!

సంపాదకునికి,

మా వదినది హిందూపురం. బొమ్మనహళ్లిలో ఓ గార్మెంట్స్ కంపెనీలో కాలర్లు కుడుతుంది. మొన్న పింఛను సంగతి తేల్చుకుందామని బిస్కెట్ డబ్బాలోంచి పాత పే స్లిప్పులన్నీ తీసి మంచం మీద పరిచాం. మిషను దగ్గర గడిపింది 13 ఏళ్లు. పింఛను లెక్కకు మిగిలింది 6! పెద్దోడు పుట్టినప్పుడు మానేసి పీఎఫ్, పింఛను డబ్బు మొత్తం తీసేసుకుంది. అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు మరోసారి. పింఛను డబ్బు ముట్టుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే పాత సర్వీసు పోదని ఆమెకు ఒక్కరూ చెప్పలేదు.

ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఇంట్లో అవసరం పడితే ఉద్యోగం మానేది ఎవరో అందరికీ తెలుసు. 1952 పీఎఫ్ పథకంలో పెళ్లి కోసం మానేసే ఆడవాళ్లు మిగతావాళ్లలా రెండు నెలలు ఆగకుండానే డబ్బు తీసుకోవచ్చని సడలింపు పెట్టారు. వెళ్లిపోతారని తెలుసన్నమాట, తిరిగొస్తారనే తట్టలేదు.

2016 ఫిబ్రవరిలో పీఎఫ్ తీసుకోవడంపై ఆంక్షలు పెడితే ఏప్రిల్‌లో వేలమంది గార్మెంట్స్ ఆడవాళ్లు బెంగళూరు రోడ్లెక్కారు, కేంద్రం వెనక్కి తగ్గింది. వాళ్ల డబ్బు వాళ్ల చేతికి అందాల్సిందే. కానీ పిల్లల పెంపకానికి పోయిన ఏళ్లలో రెండు మూడైనా ప్రభుత్వం చందా కట్టి సర్వీసులో కలపాలి. అందాకా, డబ్బు తీసుకునే ఫారం మీద 'ఇన్నేళ్ల సర్వీసు పోతుంది' అని కన్నడ, తెలుగు, తమిళాల్లో పెద్దక్షరాలతో వేయించండి.

వదినకిప్పుడు 44. ఇంకా నాలుగేళ్లు కుట్టాలి. మెడనొప్పి అప్పుడే మొదలైంది.

– ఓ పాఠకురాలు, బొమ్మనహళ్లి, బెంగళూరు