నాన్న నాలుగో ఎఫ్‌డీ

మల్కాజ్‌గిరి,
ఆదివారం

చిన్నీ,

నిన్న ఫోన్లో "ఇక్కడ క్యాలిఫోర్నియాలో లాయరు లివింగ్ ట్రస్ట్ రాసుకోమంటున్నాడమ్మా, బతికుండగానే ఆస్తి ట్రస్ట్ పేరు మీద పెట్టి తర్వాత ఎవరికి చెందాలో రాసుకోవడమట, మనకిప్పుడే అవన్నీ ఎందుకు" అన్నావు. అప్పుడు ఊఁ కొట్టి ఊరుకున్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న పోయాక నేను తిరిగిన తిరుగుడు నీకు సగమే చెప్పాను.

నాన్నకి ఎఫ్‌డీలు నాలుగు. మూడింటికి నామినీని నేనే, పెద్దగా ఇబ్బంది పడకుండానే డబ్బు చేతికొచ్చింది. నాలుగోది బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. నామినీ గడిలో పేరు లేదు, అడ్డంగా ఒక గీత. ఆ గీత వల్ల బ్యాంకు వాళ్లు సక్సెషన్ సర్టిఫికెట్, అంటే ఆ డబ్బు తీసుకునే హక్కు ఎవరికుందో కోర్టు ఇచ్చే పత్రం తెమ్మన్నారు. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూపిస్తే, ఇది చాలదమ్మా అన్నారు. ఇక సివిల్ కోర్టు, పేపర్లో ప్రకటన, కోర్టు ఫీజు, వాయిదాలు. నానమ్మను కూడా పార్టీగా చేర్చాలని లాయరు అంటే తెల్లబోయాను. వీలునామా లేకుండా మగవాడు పోతే భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉందట, 1956 హిందూ వారసత్వ చట్టంలో. అఫిడవిట్ మీద వేలిముద్ర వేస్తూ "వాడి డబ్బు నాకెందుకే" అని ఆవిడ ఏడ్చింది. ఆ సిరా మరక రెండ్రోజులు పోలేదు.

నామినీ ఉంటే డబ్బు త్వరగా చేతికొస్తుంది, అంతవరకే. అది నామినీ సొంతమైపోదు, వారసులది. షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందుకే నా వీలునామా రాసేశాను. ఇల్లు అన్నయ్యకీ నీకూ సగం సగం. ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టులో తేల్చుకోవడం, తప్పనిసరి అన్న నియమం ఇంగ్లీషు వాళ్లు బొంబాయి, మద్రాసు, కలకత్తాల కోసం పెట్టింది, 2025లో దాన్నీ ఎత్తేశారు. హైదరాబాద్‌కి ఆ బెడద ముందునుంచీ లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. అయినా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాను. సాక్షులిద్దరినీ నాకంటే బాగా చిన్నవాళ్లనే పెట్టాను. రేపెవరైనా కాదంటే, ఆవిడ సంతకం పెడుతుంటే చూశామని చెప్పడానికి వాళ్లు బతికుండాలి కదా!

మీ బాబాయి ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసెయ్యమన్నాడు. చెయ్యను. మీ మీద అనుమానం కాదు. ఇల్లు రాసిచ్చేసి వరండాలో మంచమేసుకున్న వాళ్లను మన వీధిలోనే చూశాను. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆ డీడ్ రద్దు చేయించుకోవచ్చట గానీ, చూసుకోవాలన్న షరతు అందులో ఉందా లేదా అన్న దగ్గరే పేచీ వస్తుంది. ఈ వయసులో నాకెందుకా పేచీ?

ఇక నీ సంగతి. క్యాలిఫోర్నియా ప్రొబేట్‌లో లాయరు ఫీజు ఎంతదాకా తీసుకోవచ్చో చట్టంలోనే ఉంది. ట్రెజరీలో బిల్లులు చూసిన చెయ్యి కదా, లెక్క వేశాను. మొదటి లక్ష డాలర్లకు 4 శాతం, రెండో లక్షకు 3, ఆ తర్వాత 8 లక్షలకు 2. మీ ఇల్లు 10 లక్షలే అనుకున్నా 23,000 డాలర్లు. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్ కూడా అంతే అడగొచ్చు. పైగా బాకీ ఉన్న లోను తీసెయ్యరు, ఇంటి మొత్తం విలువ మీదే లెక్క.

ట్రస్ట్ పేరు మీదున్న ఇంటికి ఈ ప్రొబేట్ అక్కర్లేదు, కాబట్టి ట్రస్ట్ రాసుకోండి. రాసి సొరుగులో పడేస్తే మాత్రం లాభం లేదు. ఇంటి డీడ్ ట్రస్ట్ పేరు మీదకి మార్చి కౌంటీలో రికార్డు చేయించాలి. పాపకి గార్డియన్ ఎవరో వీలునామాలో విడిగా రాయండి. ఇంకోటి, పెళ్లికి ముందు తీసుకున్న ఇన్సూరెన్స్‌లో నాన్న పేరు పెట్టానన్నావు. మార్చావా? నాన్న లేడు కదమ్మా.

నా కాగితాలన్నీ బీరువా పై అరలో నీలం సంచిలో ఉన్నాయి. తాళంచెవి ఎక్కడుందో అన్నయ్యకి తెలుసు.

నాలుగో ఎఫ్‌డీ డబ్బు మొన్న మంగళవారం పడింది. అందులోంచి నానమ్మకి చెవి మిషన్ కొన్నాను. తన వాటా డబ్బే అని చెప్పలేదు, చెబితే పెట్టుకోదు.

అమ్మ