గూళ్లు పెట్టే నెలల్లో కొమ్మలు కొట్టొద్దు

సంపాదకులకు,

ఏటా ఎండాకాలం రాగానే కరెంటు తీగలకు అడ్డమని చెట్ల కొమ్మలు కొట్టిస్తారు. జాలె డేగలు గుడ్లు పొదిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మన దేశంలో ఇవి ఎక్కువగా మార్చి నుంచి జూన్ దాకా గూళ్లు పెడతాయి.

పోయిన వేసవిలో ఒక జంటను రోజూ గమనించాను. చెట్టు పైభాగాన కొమ్మల పంగలో ఎండుపుల్లలు పేర్చి, లోపల గడ్డి పరిచాయి. కింద నుంచి చూస్తే అచ్చం కాకి గూడే. ఆడది గూడు వదిలేది కాదు. వేటంతా మగదే చూసుకునేది. పావురమంత పిట్ట, బూడిదరంగు వీపు, ఎర్రటి కళ్లు. తొండను కాళ్లతో పట్టుకొచ్చి, పక్క కొమ్మ మీద వాలి పిలిచేది. ఆడది లేచి వచ్చి దాన్ని అందుకుని, అక్కడే తిని, తిరిగి గుడ్ల మీద మెల్లగా సర్దుకుని కూర్చునేది.

ఒక పొద్దున కొమ్మలు కొట్టేవాళ్లు వచ్చారు. నేను పరుగున వెళ్లేసరికే ఆ కొమ్మ నేల మీద ఉంది. పుల్లల మధ్య లేత నీలం పెంకులు. "కాకి గూడనుకున్నానమ్మా" అన్నాడు ఆ మనిషి, బాధపడుతూనే. కాకి గూడైతే మాత్రం ఎందుకు కూల్చాలి? అయినా అతన్ని అనడానికి లేదు. నరికే ముందు ఒకసారి పైకి చూడమని అతనికి చెప్పినవాళ్లే లేరు. డేగలు రెండూ ఆ సాయంత్రం దాకా అరుస్తూ అక్కడే తిరిగాయి.

ఈ పక్షి మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా దాదాపు రెండు నెలలు పడుతుంది. ఎగిరాక కూడా కొన్నాళ్లు తల్లిదండ్రులే మేత పెట్టాలి. సీజన్ చివర్లో గూడు పోతే ఆ ఏటికి ఇక పిల్లలుండవు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లు పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. కాబట్టి కొమ్మల పనిని చలికాలానికి మార్చమని అధికారులను కోరుతున్నాను. తీగలకు తగిలి ప్రమాదం ఉన్నచోట ఆ రెమ్మల వరకే తీయించి, గూడున్న కొమ్మను జూలై దాకా వదిలేయాలి. గూడు గుర్తుపట్టడం కష్టం కాదు. పిల్లలుంటే చెట్టు కింద తెల్లటి రెట్టలు, చిన్న పిట్టల ఈకలు పడి ఉంటాయి. గొడ్డలి ఎత్తే ముందు ఐదు నిమిషాలు చూస్తే చాలు. ఈ మార్చిలోపే పనివాళ్లకు ఈ మాట చేరాలి.

— ఒక పాఠకురాలు