ఎపిక్యూరస్ భోగలాలసుడు కాడు

సంపాదకులకు నమస్కారం.

గ్రీకు తత్వవేత్తలపై మీ ఆదివారం వ్యాసం ఎపిక్యూరస్‌ను విందువినోదాల గురువుగా ఒక్క వాక్యంలో తేల్చేసింది. అది ఆయన ప్రత్యర్థులు అంటగట్టిన అపవాదు. క్రీ.పూ. 341లో సామోస్‌లో పుట్టిన ఈయన ఏథెన్స్‌లో ఒక తోటలో బడి నడిపాడు. అక్కడ రొట్టె, నీళ్లే ఎక్కువ. చిన్న కుండెడు చీజ్ పంపితే విందు చేసుకుంటానని మిత్రుడికి రాశాడు! స్త్రీలకూ బానిసలకూ ఆ తోటలో చోటుండేది. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. ఆయన చెప్పిన సుఖం ఒంటికి నొప్పీ, మనసుకు కలతా లేకపోవడమే. మూత్రంలో రాళ్లతో విలవిల్లాడుతూ రాసిన ఆఖరి ఉత్తరంలోనూ పాత చర్చలను సంతోషంగా తలచుకున్నాడు. చనిపోయిన మిత్రుడు మెట్రోడోరస్ పిల్లలను చూసుకోమని కోరాడు. ఈ సుఖం గురించి శిష్యుడు మెనోసియస్‌కు ఆయన రాసిన లేఖ కొద్ది పేజీలే. వ్యాసకర్త అది చదివి సవరణ ప్రచురిస్తే సంతోషిస్తాం.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం