వార్షిక నివేదిక: అడిగి చేసిన సంవత్సరం

సభ్యులకు, సంఘ పెద్దలకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ సంవత్సరానికి మనం ఒక వాక్యాన్ని ముందు పెట్టుకున్నాం. "కావున మనుష్యులు మీకు ఏమి చేయవలెనని మీరు కోరుదురో ఆలాగుననే మీరును వారికి చేయుడి" (మత్తయి 7:12). కొండమీది ప్రసంగంలోని ఈ మాటను సండేస్కూల్లో కంఠతా పట్టనివాళ్లు మనలో దాదాపు లేరు. సంఘం చేసే ప్రతి పనినీ ఈ మాటతోనే సరిచూసుకోవాలని తీర్మానించాం. దాని వల్ల వచ్చిన మార్పు చెప్పడానికి చిన్నదే. ఎవరికైనా ఏదైనా ఇచ్చే ముందు "మీకేం కావాలి?" అని అడుగుతున్నాం.

ఈ పద్ధతి గురించి గట్టిగా పట్టుబట్టింది మన పెద్దవాళ్లే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తినప్పుడు వాళ్లు సాయం అందుకునే వరసలో నిలబడ్డారు. లారీల్లో వచ్చిన పాతబట్టల మూటలు విప్పితే చినిగిన చీరలు, గుండీలు ఊడిన చొక్కాలు బయటపడటం వాళ్లకు ఇంకా గుర్తుంది. ఆ రోజుల్లోనే వీధిలో ఒక ముస్లిం కుటుంబం పొయ్యి వెలిగించి, ఎవరు ఏ మతమని చూడకుండా అందరి పసిపిల్లలకూ పాలు కాచి ఇచ్చింది. ఆ రెండింటికీ తేడా ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి సేవ

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లావాళ్లే కాక నంద్యాల, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. తోడు వచ్చినవాళ్లు ఎక్కడో ఒకచోట చాప పరుచుకుని రోజులు గడుపుతారు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లకు పులిహోర పొట్లాలు పంచడం మనకు ఎప్పటినుంచో అలవాటు. అది మంచి పనే, ఆపలేదు. అయితే ఈ ఏడాది స్త్రీల సమాజం వాళ్లు పొట్లం చేతిలో పెట్టి ముందుకు పోకుండా కాసేపు పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు.

కోసిగి వైపు నుంచి మనవణ్ణి తీసుకొచ్చిన ఒక అవ్వ అన్న మాట ఇది. "అన్నానికేముంది తల్లీ, యాడన్నా దొరుకుతాది. పిల్లోని పక్కన ఒక్క గంట ఎవురన్నా కూసుంటే నేను నీళ్లు పోసుకోనొస్తా. వచ్చినప్పట్నుంచి ఇదే చీర."

మన సోదరి ఒకామె అక్కడే కూర్చుంది. సెలైన్ సీసా అడుగుకు వస్తే నర్సమ్మను పిలిచింది. పిల్లవాడు అవ్వ ఏదని ఏడుస్తుంటే సూది కదలకుండా చేయి పట్టుకుని, తన ఫోన్‌లో కోతుల వీడియో చూపించింది. అవ్వ తల దువ్వుకుని, ఉతికిన చీరను పిండి భుజాన వేసుకుని వచ్చేసరికి వాడు నిద్రపోయాడు. ఖర్చు పైసా లేదు. కానీ ఆ గంట ఎవరూ ఇవ్వకపోతే ఆ అవ్వకు ఇంకో దారి లేదు.

అప్పటినుంచి ఇది మన సంఘంలో ఒక సేవగా నడుస్తోంది. ఆడవాళ్ల వార్డులకు, పిల్లల వార్డుకు స్త్రీల సమాజం, మగవాళ్ల వార్డులకు యువజన సమాజం వెళ్తున్నాయి. వార్డు సిబ్బందిని అడిగే లోపలికి వెళ్తాం. చీటీ చదివి రక్తపరీక్ష ఏ గదిలో చేస్తారో చెప్పడం, మందుల వరసలో తోడు నిలబడటం, చార్జింగ్ అయిపోయిన ఫోన్‌కు పవర్ బ్యాంక్ ఇవ్వడం, ఇలాంటి పనులే ఎక్కువ. చదువు రాని మనిషికి అంత పెద్ద ఆసుపత్రిలో ఎంత టెన్షన్ ఉంటుందో పక్కన నడిస్తేనే తెలుస్తుంది.

ఈ సేవకు కమిటీ రెండు నియమాలు పెట్టింది. మొదటిది, ఫోటోలు తీయకూడదు. మన అమ్మే ఆ మంచం మీద ఉంటే, చెదిరిన జుట్టుతో ఆమె బొమ్మ ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో కనపడటం మనం ఒప్పుకోం కదా. రెండోది, వాళ్లు అడిగితేనే ప్రార్థన. దీని మీద కమిటీలో చాలాసేపు వాదన జరిగింది. సువార్త చెప్పే అవకాశాన్ని వదులుకుంటామా అని కొందరు బాధపడ్డారు. వాళ్ల భారం నిజమైనదే. కానీ చేతికి సూదితో కదలలేని మనిషికి, ఇష్టమో కాదో అడగకుండా బోధ చేయడం ఈ వాక్యానికి సరిపడదని నా నమ్మకం. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రంలో రెండు దేనారాలు కట్టాడు. అంటే ఆ కాలపు కూలివాని రెండు రోజుల కూలి. ఆ గాయపడినవాడికి అతను ఏ బోధ చేశాడో లూకా రాయలేదు. మన అనుభవంలో కూడా, పక్కన కూర్చున్నాక "మా కోసం ప్రార్థన చేయండమ్మా" అని వాళ్లంతట వాళ్లే అడిగినవాళ్లు ఎందరో. వాళ్లలో హిందువులు, ముస్లింలు కూడా ఉన్నారు.

సుగ్గి కాలం

కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని పక్క ఊళ్ల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోయే కుటుంబాల్లో మన బంధువులూ ఉన్నారు. ఇంట్లో ముసలివాళ్లు, పదో తరగతి పిల్లలు మిగిలిపోతారు. పిల్లలను అడిగితే రాత్రిపూట కూర్చుని చదువుకోవడానికి లైటూ ఫ్యానూ ఉన్న చోటు కావాలన్నారు. రెండు ఊళ్లలో ప్రార్థనామందిరం తలుపులు పరీక్షలయ్యేదాకా రాత్రి వేళ తీసి ఉంచారు. అన్ని కులాల పిల్లలూ వచ్చారు. సహకరించిన పాస్టర్లకు కృతజ్ఞతలు.

మన ఇళ్లలో

ఈ భాగం రాయాలా వద్దా అని కమిటీ ఆలోచించి, రాయమనే చెప్పింది. మన తాతలను హోటళ్ల బయట నిలబెట్టి, వేరే గ్లాసులో టీ పోసిన రోజులు మన పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఆ గ్లాసును వాళ్లే కడిగి పెట్టాలి. ఈ రోజు మనలో ఉద్యోగాలు వచ్చినవాళ్లు, సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, దేవునికి స్తోత్రం. ఆ ఇళ్లలో కొన్నిచోట్ల పనిమనిషికి వేరే గ్లాసు కిటికీ మీద కనపడుతోంది. ఏ అవమానం మనకు జరగకూడదని మన తాతలు కన్నీళ్లతో ప్రార్థించారో, దాన్ని మన వంటింట్లో మనమే ఇంకొకరికి చేయడం ప్రభువు ముందు ఎలా నిలుస్తుంది?

లేవీయకాండము 19వ అధ్యాయంలో పొరుగువానిని నీవలె ప్రేమించమన్న ఆజ్ఞకు కొంచెం ముందే, కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్న ఆజ్ఞ ఉంది. ఆ రెండింటినీ కలిపి స్త్రీల సమాజం మూడు శుక్రవారాల కూడికల్లో చర్చించింది. జీతం ఒకటో తేదీకే ఇవ్వడం, జ్వరం వచ్చి రాని రోజులకు కోత పెట్టకపోవడం, అదే గ్లాసు, అదే పళ్లెం. చాలా కుటుంబాలు ఒప్పుకున్నాయి. మిగిలినవాళ్లతో పెద్దలు ఇంటికి వెళ్లి ప్రేమగా మాట్లాడుతున్నారు.

సెమీ క్రిస్మస్

ఈసారి వేదిక మీదికి వీధిలోని ఇతర మతాల పెద్దలను కూడా పిలిచాం. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు తిక్కన భారతంలోని "ఒరులేయవి యొనరించిన" పద్యం రాగం తీసి పాడారు. ఇతరులు చేస్తే మనకు ఏది బాధో దాన్ని మనం ఇతరులకు చేయకుండా ఉండటమే పరమధర్మమని ఆ పద్యం. పాస్టరుగారు దాన్నే అందుకుని, చేయకుండా ఆగడం దగ్గర మొదలైన మనిషిని ప్రభువు ఇంకో అడుగు ముందుకు వేసి చేయమంటున్నాడని వాక్యం చెప్పారు. మాస్టారు మళ్లీ మైకు అడిగి తీసుకుని "ఆ అడుగే కష్టం నాయనా" అన్నారు. ఆ సాయంత్రం జరిగిన ప్రసంగాలన్నిటిలో నాకు బాగా నచ్చిన మాట అది.

జమాఖర్చుల పట్టిక విడిగా ప్రతి కుటుంబానికీ అందుతుంది. సందేహాలుంటే సమావేశంలోనే అడగండి, కోశాధికారి బిల్లులతో సహా చూపిస్తారు.

వచ్చే ఏడాదికి ఒక విన్నపం. ఆసుపత్రి సేవకు శనివారం రాత్రులు మనుషులు చాలడం లేదు, మగవాళ్ల వార్డులకు మరీ తక్కువ. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా వీలున్నవాళ్లు యువజన సమాజం నాయకుల దగ్గర పేర్లు ఇవ్వండి. వెళ్లేటప్పుడు కళ్లజోడు, పెన్ను, ఒక దుప్పటి తీసుకెళ్లండి. దుప్పటి ఎవరైనా అడుగుతారు, ఇచ్చి వచ్చేయండి. సంఘం మీకు ఇంకొకటి కొనిస్తుంది.

ప్రభువు సేవలో,
కార్యదర్శి