పిల్లలకు జాజ్ నేర్పిన పెద్దలను గురించి మిత్రుడికి

విజయనగరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. శ్రీకాకుళంలో బ్యాండు మేళం వారి దగ్గర ట్రంపెట్ నేర్చుకుంటున్న మీ చిరంజీవికి ఇప్పుడు అమెరికా నల్లజాతివారి జాజ్ సంగీతం మీద మనసు పోయిందని, మంచి పుస్తకాలు తెప్పించి ఇస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదని నా గట్టి నమ్మకం. వాయించే పెద్దలు పిల్లలను పక్కన నిలబెట్టుకుని నేర్పడం వల్లనే ఆ సంగీతం నిలిచింది.

తరువాత జాజ్ ట్రంపెట్‌కు పెట్టింది పేరైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చిన్నతనంలో, 1913లో, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న ఒక బాలల సంస్కరణాలయానికి పంపితే, అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి చేతికి ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ ఇచ్చి దారిలో పెట్టారు. అదే ఊళ్లో డేనీ బార్కర్ చేసిన పని నాకు మరీ ఇష్టం. న్యూయార్క్‌లో క్యాబ్ కాలోవే వాద్యబృందంలో గిటార్ వాయించి పేరు తెచ్చుకున్న ఆయన 1965లో సొంత ఊరికి తిరిగి వచ్చారు. వీధి ఊరేగింపుల బ్యాండ్లలో అప్పటికి వృద్ధులే మిగిలారు. 1970ల ఆరంభంలో ఆయన ఫెయిర్‌వ్యూ బాప్టిస్ట్ చర్చి పేరిట పిల్లలను పోగుచేసి, పాత భక్తిగీతాలూ నడక పాటలూ నేర్పి, నేరుగా వీధిలోకి నడిపించారు. లెరాయ్ జోన్స్ ఆ బృందంలోనే ట్రంపెట్ వాద్యకారుడిగా ఎదిగారు. డర్టీ డజన్ బ్రాస్ బ్యాండ్ అనే పేరున్న వాద్యబృందానికి మూలాలు కూడా అక్కడే ఉన్నాయి. మన బ్యాండు మేళాల్లో పిల్లలు పెద్దల వెనుక నడుస్తూ పాట పట్టుకోవడాన్ని చిన్నచూపు చూసేవారికి ఈ సంగతి తప్పక చెప్పాలి.

డెట్రాయిట్‌లో 1929లో పుట్టిన పియానో విద్వాంసుడు బ్యారీ హ్యారిస్ బోధన మనకు ఇంకా దగ్గరగా తోస్తుంది. 2021లో కన్నుమూసే దాకా పాఠాలు చెబుతూనే ఉన్న ఆయన, ఏ పదబంధాన్నైనా ముందు నోటితో పాడించేవారు. జాజ్‌లో తరచుగా తాళపు దెబ్బకు రెండేసి స్వరాలు నడుస్తాయి కదా! ఏడు స్వరాలతో అవరోహణ చేస్తే కింది షడ్జం దెబ్బకూ దెబ్బకూ నడుమ పడుతుంది. అందుకని కాకలి (పై), కైశికి (కింది) నిషాదాలు రెండింటినీ వరుసగా పలికించి స్వరాలను ఎనిమిది చేయడం ఆయన పద్ధతి. అప్పుడు షడ్జం, కైశికి నిషాదం, పంచమం, అంతర గాంధారం దెబ్బ మీదే పడి, కింది షడ్జం కూడా దెబ్బ మీదికే వస్తుంది. ఆ అవరోహణకు తోడుగా మోగే కార్డ్‌కు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపుకు, ప్రాణమైన స్వరాలు సరిగ్గా అవే. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు వేసి, పాట అందుకునే ఎత్తుగడకు సరిగ్గా చేరే లెక్క తెలిసిన మన పిల్లలకు ఇది ఎంతసేపట్లో వంటబడుతుందో నీవే ఊహించు.

లండన్‌లో గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్ 1991లో ప్రారంభించిన టుమారోస్ వారియర్స్ అనే జాజ్ శిక్షణ సంస్థ కూడా యువతకు ఇదే విధంగా నేర్పుతోంది. శాక్సఫోన్ వాద్యకారిణి నూబియా గార్సియా అక్కడి నుంచి వచ్చినవారే.

కాబట్టి అబ్బాయిని మేళం మాన్పించవద్దు. ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులలోని చిన్న చిన్న ముక్కలను తప్పు లేకుండా పాడగలిగిన తరువాతనే ట్రంపెట్ మీద వాయించమను. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న మన ఊళ్లో కల్పనస్వరాలు చెప్పగల వయొలిన్ విద్వాంసులకు కొదవ లేదు. నేను మాట్లాడి పెడతాను. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తారు కనుక, కొంచెం ముందుగానే బయలుదేరి రండి. ట్రంపెట్ మరచిపోవద్దని వాడికి చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు