మా పాపకు కట్లు కట్టిన సిస్టర్ గారికి

పాపను ఇంటికి తెచ్చేశాం. ఇంకా సరిగా నిద్రల్లేవు, రాసేది ఒక వరుసలో వస్తుందో రాదో తెలియదు. కానీ ఇప్పుడు రాయకపోతే పనుల్లో పడి ఎప్పటికీ రాయలేనేమోనని భయం. ఫోన్ చేసిన అందరితో విడివిడిగా మాట్లాడే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. విషయం ఇక్కడే చెబుతున్నాను.

మా పాప ఈబీతో పుట్టింది. పూర్తి పేరు ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా. చర్మంలో పైపొర, కిందిపొర ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి కొన్ని ప్రొటీన్లు కావాలి. జన్యువులో లోపం వల్ల అవి సరిగా తయారుకాకపోతే ఆ పట్టు ఉండదు. కాస్త రాపిడి తగిలితే చాలు, బొబ్బ లేస్తుంది, లేదంటే చర్మమే ఊడివస్తుంది. ఇందులో సింప్లెక్స్, జంక్షనల్, డిస్ట్రోఫిక్, కిండ్లర్ అని ప్రధానంగా నాలుగు రకాలున్నాయట. మా పాపది డిస్ట్రోఫిక్ అని బయాప్సీలో తేలింది. అంటే ఆ పొరల్ని పట్టి ఉంచే ప్రొటీన్లలో ఏడో రకం కొల్లాజెన్ అనేదాని లోపం. ఇది అంటుకునే జబ్బు కాదు. కడుపుతో ఉన్నప్పుడు నేను తిన్నదాని వల్లో, తిరిగినదాని వల్లో వచ్చింది కాదు. అడగకుండానే ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, చాలామంది అడిగారు కాబట్టి.

పుట్టేటప్పటికే ఒక కాలికి పాదం నుంచి పిక్క దాకా చర్మం లేదు. ఎర్రగా, పచ్చిగా ఉంది. చూసి డాక్టర్లే ఆగిపోయారు. ఆ తర్వాత జరిగినవి పుట్టుకతో వచ్చినవి కావు. చేతికి పేరు పట్టీ కట్టిన చోట బొబ్బ లేచింది. గుండె చూడటానికి ఛాతీ మీద అంటించిన బిళ్లలు తీస్తే వాటితోపాటే చర్మం వచ్చేసింది. బొడ్డు దగ్గర ప్లాస్టిక్ క్లిప్ ఒరుసుకుని పుండైంది. ఎవరూ కావాలని చేయలేదు, అన్ని పిల్లలకూ చేసేదే చేశారు. కానీ మా పాపకు ఆ మామూలు పనే గాయం. ఇక ముట్టుకోవడానికి అందరూ భయపడ్డారు. నన్నూ ముట్టుకోవద్దన్నారు. అద్దం అవతల నుంచి చూడటమే. బిడ్డ ఏడుస్తుంటే చెయ్యి వెయ్యకూడని తల్లిని అయిపోయాను.

అప్పుడు వచ్చారు సిస్టర్ గారు.

ఆవిడది పాప ఉన్న పసిపిల్లల వార్డు కాదు. కాలిన గాయాల వార్డులో పనిచేస్తారు. ఇక్కడెవరికీ చేతకావడం లేదని ఎవరో కబురు పెడితే, రాత్రి తన వార్డు పని చూసుకుని వచ్చారు. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. వస్తూనే పాపను ముట్టుకోలేదు. చాలాసేపు చూశారు. ఎక్కడెక్కడ పచ్చిగా ఉంది, ఎక్కడ కొత్త బొబ్బ వస్తోంది, ఏ కాలు ఎక్కువ ఆడిస్తోంది, అన్నీ చూశారు. తర్వాత నొప్పి మందు వేయించి, అది పనిచేసేదాకా ఆగారు. "అరగంట ఆగుదాం, తొందరేముంది" అన్నారు. ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి తొందర లేదన్న మనిషిని నేను చూడలేదు.

ఆ అరగంటా ఆవిడ ఖాళీగా కూర్చోలేదు. డ్రెస్సింగ్ ముక్కలన్నీ ముందే కాలి ఆకారానికి, చేతి ఆకారానికి కత్తిరించి పక్కన వరుసగా పేర్చారు. గాయం తెరిచాక కత్తెర కోసం వెతుక్కుంటూ కూర్చుంటే, ఆ సేపంతా బిడ్డ నొప్పితో ఉండాలి కదా అన్నారు. అంటుకుపోయిన టేపుల్ని పట్టి లాగలేదు. టేపు వదిలించే సిలికాన్ మందు కొంచెం కొంచెంగా పూస్తూ, దానంతటది వదిలేదాకా కూర్చున్నారు. నాలుక మీద ఒక చుక్క పంచదార నీళ్లు వేశారు. చిన్నపిల్లలకు దాంతో నొప్పి కాస్త తగ్గుతుందట. ఒక్కసారే కట్లన్నీ విప్పలేదు. ఒక కాలు విప్పి, కడిగి, మళ్లీ కట్టేశాకే రెండో కాలు. అన్నీ విప్పితే బిడ్డకు చలి పుడుతుంది, కాలితో కాలు రాసుకుని కొత్త గాయాలవుతాయి.

బొబ్బలు వదిలేయకూడదని నాకు అప్పటిదాకా తెలియదు. మామూలు పిల్లలకైతే చిన్న బొబ్బను కదపొద్దంటారు. ఈబీలో అలా కాదు. లోపల పొరలకు పట్టు లేదు కాబట్టి నీరు పక్కలకు తోసుకుంటూ బొబ్బ పెద్దదైపోతుంది. శుభ్రమైన సూదితో అంచు దగ్గర, కిందివైపున గుచ్చి, నీరు బయటికి వచ్చేలా మెత్తటి గుడ్డతో మెల్లగా అదమాలి. పైన చర్మం మాత్రం తీసేయకూడదు, అదే పుండుకు మూత. దాని మీద అతుక్కోని సిలికాన్ జాలీ, దాని పైన మెత్తటి ఫోమ్, ఆపైన చుట్టు కట్టు. టేపు వేస్తే కట్టు మీదే, ఒంటి మీద ఎక్కడా వేయకూడదు. వేళ్లకు ఒక్కోదానికి విడిగా సన్నటి పట్టీ చుట్టారు. పచ్చి వేళ్లు రెండూ ఆనుకుని ఉంటే మానేటప్పుడు కలిసిపోతాయట. ఆ చిట్టి వేళ్లకు ఆవిడ పట్టీలు చుట్టిన ఓపిక నా ప్రాణం ఉన్నంతకాలం గుర్తుంటుంది.

ఇదంతా చేస్తూ పాపతో మాట్లాడుతూనే ఉన్నారు. "బంగారం, ఇప్పుడు కుడి కాలు పట్టుకుంటున్నా. అయిపోయింది. ఇప్పుడు నీళ్లు పోస్తా, గోరువెచ్చగానే ఉన్నాయి." ప్రతి పనికీ ముందు చెప్పి చేశారు. దానికేం అర్థమవుతుందని నేననుకోలేదు. నాకు అర్థమైంది. ఆ మాటలు వింటుంటే నా టెన్షన్ కూడా తగ్గుతూ వచ్చింది.

అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ అడిగారు, "అమ్మా, పాపని ఎత్తుకున్నావా?" అని.

లేదన్నాను.

"ఒక్కసారి కూడా?"

నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ ఏమీ అనలేదు. మందపాటి మెత్తటి పరుపు ముక్క ఒకటి తెచ్చి, పాపను దాని మీదికి మార్చారు. మార్చేటప్పుడే చూపించారు: చంకల కింద చేతులేసి ఎత్తకూడదు, పక్క మీద ఈడ్చకూడదు. ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి నిట్టనిలువుగా లేపాలి. పరుపుతో సహా తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నా చేతులు వణుకుతున్నాయి. "నేను కట్టిన కట్టు నువ్వు పట్టుకుంటే ఊడిపోదులే, పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. ఏడ్చాను. అంతసేపు ఎప్పుడూ ఏడవలేదు. ఊరుకోమ్మా అనలేదు ఆవిడ. కుర్చీ అటు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని ఫైల్లో రాసుకుంటూ ఉండిపోయారు. డ్యూటీ టైమ్ అయిపోయినా కదల్లేదు. నాకు ఆవిడ ఎవరో తెలియదు, ఆవిడకు నేనెవరో తెలియదు. సిస్టర్ గారూ, మీరు నాకు ట్రీట్‌మెంట్ చేయలేదు, నా బిడ్డకు చేశారు. కానీ ఆ రాత్రి నన్ను తల్లిని చేసింది మీరే.

వెళ్తూ వెళ్తూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తొట్టికి వేలాడదీశారు. టేపు వద్దు. రుద్దొద్దు, అద్దండి. బీపీ పట్టీ కింద మెత్తటి గుడ్డ చుట్టండి. సూది వేసే ముందు స్పిరిట్‌తో రుద్దకండి. రక్తం తీసేటప్పుడు చెయ్యి బిగించి కట్టకండి. ఎత్తేటప్పుడు కింద నుంచి ఎత్తండి.

మర్నాటికి ఆ కాగితం లేదు. శుభ్రం చేసేటప్పుడు ఎవరో తీసేశారట. కొత్త షిఫ్ట్‌లో వచ్చినవాళ్లు మళ్లీ ఛాతీ మీద బిళ్ల అంటించారు. మళ్లీ చర్మం వచ్చింది. ఇక్కడే నా కడుపు మండుతోంది. ఒక సిస్టర్ ఒంట్లో ఉన్న అనుభవం కాగితం ముక్క మీద ఆధారపడి ఉండటమేంటి? షిఫ్ట్ మారిన ప్రతిసారీ, పచ్చి బాలింతనైన నేను లేచి నిలబడి, అప్పుడే వచ్చిన మనిషికి మొదటి నుంచి చెప్పాలా? చెబితే కొందరు విన్నారు, కొందరు "మాకు తెలుసమ్మా" అన్నారు. తెలిసినవాళ్లు అలా చేయరు. అరుదైన జబ్బు అంటారు, సరే. కానీ చర్మం ఊడే పిల్లలు ఈబీ వాళ్లే కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మం కూడా టేపుకు ఊడుతుంది. కాలిన పిల్లలున్నారు, ఒళ్లంతా తామరతో వచ్చే పిల్లలున్నారు. పసిపిల్లల వార్డులో చర్మం గురించి తెలిసినవాళ్లు షిఫ్ట్‌కు ఒక్కరైనా ఉండాలని అడగడం పెద్ద కోరికా?

ఇంకొకటి. మందుల లెక్కలో మందులకే చోటుంది. డ్రెస్సింగ్‌లు దూదీ గుడ్డా కిందే వస్తాయట, ఇన్సూరెన్స్ వాళ్లు వాటిని ఇవ్వరట. నా బిడ్డకు ఇప్పుడు ఆ డ్రెస్సింగే చర్మం. అది ట్రీట్‌మెంట్ కాకపోతే ఏది ట్రీట్‌మెంట్? 2023లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ మా పాప రకానికి వైజువెక్ అనే జన్యు జెల్‌ను ఒప్పుకుంది, పుండు మీద పూస్తే లేని కొల్లాజెన్ తయారయ్యేలా చేస్తుంది. అదే ఏడాది బిర్చ్ చెట్టు బెరడు నుంచి చేసిన మరో జెల్‌నూ ఒప్పుకుంది. చదివి చాలా ఆశ పడ్డాను. అవి మా దాకా ఎప్పుడొస్తాయో, ఎంతకొస్తాయో. ఈలోగా కనీసం టేపు వేయకుండా ఉండటానికి ఏ కొత్త మందూ కనిపెట్టక్కర్లేదు కదా.

డిశ్చార్జ్ కూడా అంతే. ఒక పొద్దున హడావిడిగా చూపించి, సంతకం పెట్టించుకుని పంపేయబోయారు. సిస్టర్ గారికి ఎలా తెలిసిందో, తన సెలవు రోజున మామూలు బట్టల్లో వచ్చారు. మొత్తం డ్రెస్సింగ్ నాతోనే చేయించారు. తాను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను తడబడినచోట కూడా చెయ్యి ముందుకు రాలేదు, మాటతోనే చెప్పారు. రేపు ఇంట్లో ఆవిడ ఉండరు కదా, అందుకని. బట్టలు తిరగేసి వేయమన్నారు, కుట్లు ఒంటికి తగలకుండా. డైపర్ అంచున ఎలాస్టిక్ కత్తిరించి లోపల మెత్తటి గుడ్డ పరవమన్నారు. పాలిచ్చే ముందు పాప పెదవులకూ, నాకూ వాసెలిన్ రాయమన్నారు. పుండు వాసన మారినా, చుట్టూ ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా రాత్రనక పగలనక ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. అన్నీ రాసుకున్నాను. ఫోన్లో కాదు, గోడ మీద అంటించాను.

నర్సింగ్ చదువుతున్న పిల్లలు మీ ఇళ్లలో ఉంటే ఇది చదివించండి. మా పాప ఫొటో పెట్టను, అడగొద్దు.

మా ఆయన, అమ్మ, అత్తయ్య, చెల్లి గురించి ప్రత్యేకంగా ఏం రాయను, మావాళ్లు. వాళ్లు లేకపోతే అసలు ఏదీ జరిగేది కాదు, వాళ్లకూ తెలుసు.

పేర్లు మర్చిపోతున్నాను, క్షమించాలి. జబ్బును మొదట గుర్తుపట్టి వెంటనే చర్మం డాక్టర్‌ను పిలిపించిన జూనియర్ డాక్టరమ్మకు వేల దండాలు. రక్తం తీయడానికి వచ్చి, నేను చెప్పింది పూర్తిగా విని, గుడ్డ చుట్టి తీసిన ల్యాబ్ అబ్బాయికి కూడా. పక్క తొట్టి పాప వాళ్లమ్మ తన దగ్గరున్న మెత్తటి పాత బట్టలన్నీ నాకే ఇచ్చేసింది, తన బిడ్డే ప్రమాదంలో ఉన్నప్పుడు. ఆ తల్లి బిడ్డ బాగుండాలి. ఈబీ ఉన్న పిల్లాడిని పెంచి పెద్ద చేసిన ఒకావిడ, ఎవరి ద్వారానో నా నంబర్ తీసుకుని ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారు. వాడు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడట. ఆ ఒక్క మాట చాలా రోజులు సరిపోతుంది నాకు.

ఇప్పుడే గుర్తొచ్చింది, ఇంటికి తెచ్చిన అంబులెన్స్ డ్రైవర్ అన్న. ప్రతి గతుకు దగ్గరా బండి ఆపినంత పని చేశారు. వెనక హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు.

వార్డులో నేల తుడిచే అక్కను మర్చిపోయానని చెల్లి గుర్తు చేస్తోంది. నిజమే. అర్ధరాత్రి డ్రెస్సింగ్‌కు గోరువెచ్చటి నీళ్లు ఎప్పుడు కావాలన్నా ఆవిడే తెచ్చిపెట్టారు, అది ఆవిడ పని కాకపోయినా. అక్కా, మీ పేరు కూడా అడగలేదు నేను. చెకప్‌కు వచ్చినప్పుడు వెతుక్కుంటూ వస్తాను.